బిల్లులు మిషనే ఎక్కిస్తోంది, గుమస్తా ఎటు వెళ్ళాలి?

1999లో నేను బెజవాడ వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో చేరేనాటికి అక్కడ ముగ్గురు గుమస్తాలం. చిట్టా (రోజువారీ లెక్క) రాసేది ఒకాయన, ఆవర్జా (పార్టీల వారీ ఖాతా పుస్తకం) రాసేది ఇంకొకాయన, ఇద్దరికీ అందివ్వడానికి నేను. ఆవర్జా రాసే ఆయన దస్తూరి ముత్యాల కోవ. సావుకారు గారు వచ్చిన చుట్టాలకి పుస్తకం తిప్పి చూపించి మురిసిపోయేవారు. 2005లో కొట్లోకి ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు వచ్చింది. ఏడాది తిరక్కుండా ఇంటికి వెళ్ళిపోయింది ఆ ముత్యాల దస్తూరి ఆయనే. టైపు హయ్యరు పాసైన పుణ్యాన నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. చిట్టా రాసే పెద్ద గుమస్తాగారు మాత్రం కీబోర్డు ముట్టుకోకుండానే మరో ఎనిమిదేళ్ళు దర్జాగా ఉన్నారు. నూజివీడు కొట్టు బాకీ మామిడికాయ అమ్ముడయ్యాకే వస్తుందని, అవనిగడ్డ కొట్టుకి ధాన్యం డబ్బు చేతికి రాకముందు ఫోను చేసినా దండగేనని, ఏలూరు ఆయనకి అప్పివ్వచ్చు గాని ఆయన బావమరిదికి ఇవ్వకూడదని ఆయనకి తెలుసు. అది ఏ పుస్తకంలోనూ రాసి లేదు మరి.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ముత్యాల దస్తూరి ఆయన కుర్చీలో నేనున్నాను. నంబరు ప్యాడు చూడకుండా గంటకి ఎన్ని బిల్లులు ఎక్కిస్తానో చెప్పుకుని గర్వపడ్డ రోజులున్నాయి. ఇప్పుడు బిల్లును ఫోనుతో ఫొటో తీస్తే పార్టీ పేరు, జీఎస్‌టీ నంబరు, సరుకు, పన్ను అన్నీ సాఫ్ట్‌వేరే చదివి ఎంట్రీ తయారుచేసి పెడుతోంది. మనం చూసి ‘సరే’ కొట్టడమే. బ్యాంకు స్టేట్‌మెంటూ అంతే. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్‌లో, బట్టల మార్కెట్ వస్త్రలతలో, గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లలో నాలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ‘ఏం చేద్దామండీ’ అని అడిగేవాళ్ళకి నేను చెప్పే సమాధానం మనిషిని బట్టి మారుతుంది. మన ముందున్న దారులు నాలుగు: ఉన్న కుర్చీలోనే మిషన్‌ని చేతిలోకి తీసుకోవడం, అదే వ్యాపారంలో పక్క పని, హైదరాబాదులో కొత్త కోర్సు, చేతిపని. ఎవరికి ఏది చెబుతానో, ఆ మార్పు ఎందుకో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఏది పోతోందో చూడండి

ఉద్యోగం మొత్తం ఒక్కరోజులో పోదు. అందులోంచి ఒక్కో ముక్క జారిపోతుంది. జీఎస్‌టీ 2017 జులై 1న వచ్చినప్పుడు మనకి పని పెరిగింది, జీతాలూ కాస్త పెరిగాయి. ఆ తర్వాత ఈ-ఇన్వాయిస్ వచ్చింది. 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలతో మొదలుపెట్టి, 2022 అక్టోబరుకి 10 కోట్లకి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వ్యాపారానికి దించారు. 5 కోట్లంటే వన్‌టౌన్‌లో ఒక మోస్తరు కొట్టే. ఆ బిల్లు పోర్టల్లో నమోదై నంబరూ క్యూఆర్ కోడూ తెచ్చుకుంటుంది. అమ్మినవాడి అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లోకి దానంతటదే వెళ్తుంది, కొన్నవాడికి పోర్టలు ఇచ్చే కొనుగోళ్ళ జాబితా జీఎస్‌టీఆర్-2బీలో కనిపిస్తుంది. ఒకప్పుడు ఒకే బిల్లును అమ్మిన కొట్లో ఒకసారి, కొన్న కొట్లో ఒకసారి, ఆడిటరు దగ్గర ఒకసారి కొట్టేవాళ్ళం. ముగ్గురి జీతాలు ఆ మూడుసార్ల కొట్టుడు మీదే నడిచేవి.

జారని ముక్క ఏదో కూడా అక్కడే తెలుస్తుంది. 14వ తారీకున 2బీ వస్తుంది. అందులో ఒక సప్లయరు బిల్లు లేదు. సాఫ్ట్‌వేరు ఆ వరసను ఎర్రగా చూపించి ఊరుకుంటుంది. ఆ సప్లయరుకి ఫోను చేసి, ‘ఏమండీ, మా బిల్లు మీరు ఎక్కించలేదు, మా క్రెడిట్ (కొనుగోలు మీద కట్టిన పన్నుకి వచ్చే తగ్గింపు) ఆగింది’ అని మెత్తగా అనాలో గట్టిగా అనాలో తెలుసుకుని అనేది మనిషే. మాకు రావలసిన సరుకు ఇంకా ఆయన గోడౌన్‌లోనే ఉంటే గట్టిగా అనలేం. 180 రోజుల్లో సప్లయరుకి డబ్బు కట్టకపోతే తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి కట్టాల్సి వస్తుందని సావుకారు గారికి 150వ రోజునే గుర్తుచేయడం కూడా అలాంటిదే. సాఫ్ట్‌వేరు గుర్తుచేయదని కాదు, చేస్తుంది. కాని అది పంపే మెసేజీని ఆయన చూడరు, మీరు నోటితో చెబితే వింటారు.

దారులు పోల్చే ముందు ఒక వారం ఒక పని చేయండి. ‘గుమస్తాగారిని పిలవండి’ అని కొట్లో ఎవరైనా అన్నప్పుడల్లా ఒక గీత గీయండి. పక్కన ఎందుకు పిలిచారో రెండు ముక్కలు రాయండి. నేను గీసిన వారంలో 31 గీతలు పడ్డాయి. వాటిలో బిల్లు ఎక్కించమని పిలిచినవి నాలుగే. అప్పటిదాకా నా ఉద్యోగం ఆ నాలుగు గీతల్లోనే ఉందనుకున్నాను.

ఉన్న కుర్చీలోనే మిషన్‌ని చేతిలోకి తీసుకోవడం

నాలుగు దారుల్లో ఖర్చు తక్కువది ఇదే. జీతం ఆగదు, ఊరు మారనక్కర్లేదు. మిషన్ చేసిన ఎంట్రీల్లో తప్పు పట్టడం, 2బీతో కొనుగోళ్ళు సరిచూడడం, 2024 అక్టోబరు నుంచి పోర్టల్లో వచ్చిన ఐఎంఎస్ (సప్లయర్ల బిల్లులను ఒప్పుకునే, తిప్పికొట్టే ఏర్పాటు)లో ఏ బిల్లు ఒప్పుకోవాలో ఏది తిప్పికొట్టాలో తేల్చడం, ఎక్సెల్‌లో పివట్ (లెక్కల్ని కూడి చూపే పట్టిక) వేసి ఏ సరుకు కదలడం లేదో చూపించడం నేర్చుకోవాలి. దీనికి ఇన్‌స్టిట్యూట్ అక్కర్లేదు. మీ ఆడిటరు గారి ఆఫీసులో ఒక కుర్రాడిని మంచి చేసుకుని, మూడు నెలలు సాయంత్రాలు కూర్చుంటే చాలు.

మనలో ఎక్కువమందికి వచ్చే జబ్బు మిషన్‌ని నమ్మేయడం. నేను చూసిన ఒక కొట్లో సాఫ్ట్‌వేరు ఫ్రైట్ (లారీ కిరాయి) బిల్లులన్నిటినీ నాలుగు నెలలపాటు కొనుగోళ్ళలో కలిపేసింది. ‘సరే’ కొట్టినవాడు చూడలేదు. లాభం తక్కువ కనబడి సావుకారు సరుకు రేటు పెంచాడు, రెండు పార్టీలు పోయాయి. ‘సరే’ కొట్టడానికి మనిషెందుకని ఆ తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబు లేదు.

ఈ దారికి ఒక హద్దు ఉంది. ముగ్గురు చేసే పని ఒకరు చేయగలిగితే కుర్చీ ఒక్కటే మిగులుతుంది. మీ కొట్లో మీకంటే చురుకైనవాడు, సావుకారు మేనల్లుడు, పక్క బల్ల మీద ఉంటే లెక్క మారుతుంది. అలాంటప్పుడు ఇదే పనిని పది చిన్న కొట్లకి చేయడం మేలు. ఏడాది టర్నోవరు 5 కోట్లలోపు ఉన్నవాళ్ళు మూడు నెలలకోసారి రిటర్ను వేసే క్యూఆర్ఎంపీ పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది. 1.5 కోట్ల లోపువాళ్ళకి టర్నోవరు మీద తక్కువ రేటులో పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతి ఉంది. వీళ్ళు ఫుల్‌టైము గుమస్తాని పెట్టుకోలేరు, పుస్తకం లేకుండా బతకలేరు. బీకాం చదివి ఉంటే జీఎస్‌టీ ప్రాక్టీషనరుగా నమోదు చేసుకోవచ్చు, దానికి పరీక్ష ఉంటుంది. మొదటి ఏడాది మాత్రం ఫీజు వసూలే పెద్ద పని. రిటర్ను వేసే రోజున దేవుడివి, డబ్బు అడిగే రోజున దయ్యానివి.

అదే వ్యాపారంలో పక్క పని

నా ఓటు ఎక్కువసార్లు దీనికే పడుతుంది. ఎవరూ దీన్ని దారిగా లెక్కపెట్టరు, ఎందుకంటే దీనికి సర్టిఫికెట్ లేదు.

గుంటూరు సంగతి తీసుకోండి. ఈ-నామ్ అనే ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ 2016 ఏప్రిల్ 14న దేశంలో మొదలైంది, మిర్చి యార్డూ అందులోకి వచ్చింది. కాటా ఎలక్ట్రానిక్‌ది, రేటు తెర మీద పడుతుంది, తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ప్రింటు వస్తుంది. చేత్తో తక్‌పట్టీ రాసిన కుర్రాళ్ళ పని అక్కడితో సన్నగిల్లింది. వాళ్ళలో నాకు తెలిసిన ఒకతను టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య తిరగడం మొదలుపెట్టాడు. మిర్చి రకాల్లో తేజ ఏది, 334 ఏది, ఏ కాయలో తేమ ఎంత, ఏ లాటులో తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎక్కువ, చేత్తో విరిచి వాసన చూసి చెప్పడం రెండు సీజన్లలో పట్టుబడింది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో ఉంటున్నాడు. ఎవరి సరుకు ఎప్పుడు దింపాలో, ఎప్పుడు తీయాలో, బాండు (నిల్వ ఉంచిన సరుకు రసీదు) మీద బ్యాంకు అప్పు ఎంత ఉందో అతన్ని అడుగుతారు. కంప్యూటరు అతని పక్కనే ఉంది, అది అతనికి పనివాడు.

గ్రేడింగులో కలర్ సార్టర్ మిషన్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. జారిపడే కాయని కెమెరా చూసి, రంగు తేడా ఉన్నదాన్ని గాలితో పక్కకి కొడుతుంది. ఆ పని చేత్తో చేసే ఆడవాళ్ళ కూలి మీద దెబ్బ పడేది నిజంగా అక్కడే, వాళ్ళ గురించి ఏ కోర్సూ మాట్లాడదు. ఏ రంగును తాలుగా లెక్కపెట్టాలో ఆ మిషన్‌కి ఎవరో ఒకరు నేర్పాలి. కొనుగోలుదారు మారితే ఆ గీత మారుతుంది. ఏళ్ళ తరబడి కాయలు ఏరిన చేతికి తెలిసిన గీతే అది. సీజనుకి ముందే యజమానిని అడిగి, మిషన్ పక్కన నిలబడే పని అడగమని నాకు తెలిసిన ఇద్దరు ఆడవాళ్ళకి చెప్పాను. ఒకావిడకి దొరికింది. రెండో ఆవిడని ‘చదువు లేదు’ అన్నారు. ఆ మిషన్ మీద బటన్లు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆ మాట ఎంత వట్టిదో తెలుస్తుంది.

బెజవాడ కొట్లలో పక్క పని అంటే వసూళ్ళు, కొనుగోలు, డిస్పాచ్. లారీ ఆఫీసులతో మాట్లాడడం, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఉండాల్సిన జీఎస్‌టీ పత్రం) గడువు దాటకుండా లోడు కదిలించడం, వర్షం పడితే ఏ బేళ్ళు ముందు దించాలో చూడడం. ఎండలో నిలబడాలి, నోరు ఉండాలి. ఏసీ గదిలో కూర్చున్నవాడికి మొదట్లో చిన్నతనంగా ఉంటుంది. జీతం మొదటి ఏడు పెరగకపోవచ్చు. కాని ‘గుమస్తాగారిని పిలవండి’ గీతలు రోజుకి ఇరవై పడతాయి.

హైదరాబాదు, కొత్త కోర్సు

దీని మీద నాకు కోపం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను. 2016లో నేనూ ఆ పని చేశాను. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 60,000 కట్టి, నాలుగు నెలలు హాస్టల్లో ఉండి, ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ అన్న మాట నమ్మి, చివరికి రెండు ఫోన్ ఇంటర్వ్యూలతో ఇంటికొచ్చాను. అప్పటికి నాకు 38. క్లాసులో పక్క కుర్రాడికి 22. వాడికి ఉద్యోగం వచ్చింది. తేడా తెలివిలో లేదు, వాడు ఆరు నెలలు జీతం లేకుండా ఉండగలడు, నేను ఉండలేను.

కాబట్టి నేను అడిగే ప్రశ్న కోర్సు పేరు కాదు. జీతం ఆగితే మీ ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది? పది నెలలు నడిచి, వయసు పాతికలోపు ఉండి, లెక్కలు ఇష్టమైతే వెళ్ళండి. మూడు నెలలే నడిస్తే వెళ్ళకండి. మధ్యలో ఉంటే జీతం వదలకుండా రాత్రిపూట నేర్చుకోండి. లెక్కల్లోంచి సమాచారం తీసి, పట్టికలుగా చూపే ఎస్‌క్యూఎల్, పవర్ బీఐ లాంటివి ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి డబ్బు పెద్దగా పట్టదు, పట్టుదలే పడుతుంది. నేర్చుకున్నది మీ కొట్టు లెక్కల మీదే ప్రయోగించండి. మూడేళ్ళ అమ్మకాల్లో దీపావళికి ముందు ఏ సరుకు అయిపోతోందో చూపించే ఒక్క పేజీ, ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే నకిలీ ప్రాజెక్టు కంటే ఇంటర్వ్యూలో బరువుగా ఉంటుంది. పార్టీల పేర్లు మాత్రం తీసేసి చూపించండి.

ఇంకో మాట. కోడు రాయడం, డేటా ఎక్కించడం, ఫోనులో జవాబులివ్వడం లాంటి మొదటి మెట్టు పనులను ఏఐ మింగుతోందని అక్కడివాళ్ళే మొత్తుకుంటున్నారు. ఇక్కడ మిషన్‌కి భయపడి అక్కడ మిషన్ ఎదురుగా పోయి నిలబడడం, పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు.

చేతిపని

ఆటోనగర్ బెజవాడకి అన్నం పెట్టిన చోటు, లారీ బాడీ కట్టడంలో దానికి పేరుంది. ఇక్కడా మార్పు వస్తోంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 (పొగ తక్కువ వదలాలన్న కొత్త ప్రమాణం) బళ్ళు వచ్చాక, చెవితో ఇంజను రోగం చెప్పే మేస్త్రీలు కూడా స్కానరు పెట్టి చూడక తప్పలేదు. కరెంటు బళ్ళు ఇంకో అడుగు ముందుకెళ్ళాయి. వాటిలో ఇంజను ఆయిల్ మార్చే పని లేదు, క్లచ్చి ప్లేట్లు లేవు. బ్రేకులు, టైర్లు, సస్పెన్షన్, వైరింగు, డెంటింగ్, పెయింటింగ్ ఉన్నాయి. ఇంజను పని మాత్రమే వచ్చినవాడికి గండం, వైరింగు చేయి తిరిగినవాడికి పండగ.

ఇంటిమీద సోలారు ఇంకో సంగతి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల వ్యవస్థకి 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. బిగించేవాళ్ళు, తర్వాత రిపేరుకి వచ్చేవాళ్ళు కావాలి. డాబా ఎక్కే పనిని సాఫ్ట్‌వేరు చేయదు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టరు రెండేళ్ళ ట్రేడులు. కోపా అని కంప్యూటరు ఆపరేటరు ట్రేడు ఏడాదిది. ఇంట్లో పిల్లలున్నవాళ్ళు ‘మా వాడికి ఎండ పడదు, కోపాలో వేద్దాం’ అంటుంటారు. ఇప్పుడు తరిగిపోతున్న పని అదేనని చెబితే నా మీద కోప్పడతారు. కోపాకి వెళ్తే దానితో పాటు నెట్‌వర్కు కేబులు లాగడం, సీసీ కెమెరాలు బిగించడం నేర్పించండి. నలభై దాటిన గుమస్తాకి మాత్రం చేతిపని నేను చెప్పను. నడుం ఒప్పుకోదు, పాతికేళ్ళ కుర్రాడి కింద హెల్పరుగా చేయడానికి మనసు అంతకంటే ఒప్పుకోదు.

గవర్నమెంటు నోటిఫికేషన్ కోసం కాచుకుని కూర్చునే ఐదో దారి ఒకటుంది. దాని గురించి కోచింగ్ సెంటర్లుండే గుంటూరు బ్రాడీపేటలో అడగండి, నాకంటే బాగా చెబుతారు.

ఎవరికి ఏది

పాతికలోపు వయసు, ఇంటి బరువు లేదు: చేతిపనో, హైదరాబాదో, మీకు దేంట్లో చేయి తిరుగుతుందో దాన్ని బట్టి. ముప్ఫై నుంచి నలభై అయిదు మధ్య, పిల్లల ఫీజులు, ఇంటి అప్పు ఉన్నవాళ్ళకి: పక్క పనే. అది దొరక్కపోతే ఉన్న కుర్చీలో తప్పులు పట్టేవాడిగా మారడం, దాంతోపాటు సాయంత్రాలు రెండు మూడు చిన్న కొట్ల పుస్తకాలు. యాభై దాటినవాళ్ళు కొత్తవి నేర్చుకోవడం కంటే తమకి తెలిసింది సావుకారుకి కనబడేలా చేసుకోవడం మీద బుర్ర పెట్టాలి. మా పెద్ద గుమస్తాగారు ఆ పని తెలియకుండానే చేశారు. ప్రతి సోమవారం పొద్దున్నే బాకీల జాబితా చదివి వినిపించేవారు.

పొమ్మంటే అడగవలసినవి

మిషన్ వచ్చిందని మిమ్మల్ని తీసేస్తే ఊరికే రాజీనామా రాసివ్వకండి. రాజీనామా రాస్తే మీరే వెళ్ళినట్టు. తొలగిస్తే ఒక నెల నోటీసు లేదా నెల జీతం, చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ సూత్రం నిలిచింది. కొత్త మిషన్ల వల్ల మనుషులు తగ్గే పరిస్థితి ఉంటే ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలన్నది కూడా పాత చట్టం నుంచే ఉంది. పేరుకి సూపర్‌వైజరు అని రాస్తే ఇవి వర్తించవని వాదించే యజమానులున్నారు, అందుకని ప్రమోషన్ కాగితం తీసుకునేటప్పుడు అందులో ఏం రాశారో చదవండి.

పది మంది గాని అంతకంటే ఎక్కువ మంది గాని పనిచేసే చోట అయిదేళ్ళు నిండితే గ్రాట్యుటీ. ఆఖరి జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. 18,000 జీతం, 12 ఏళ్ళయితే 1,24,615 రూపాయలు. పీఎఫ్ పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు కావాలి, తొమ్మిదో ఏట మొత్తం తీసేసుకుని సంబరపడకండి. ఈఎస్ఐ కార్డు ఉంటే ఉద్యోగం పోయినవాళ్ళకి 90 రోజుల దాకా సగం జీతం ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన ఉంది. దాన్ని గడువులు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి ముందు ఈఎస్ఐ ఆఫీసులో అడిగి రండి. ఇవేవీ లేని కొట్లే వన్‌టౌన్‌లో ఎక్కువన్నది నాకూ తెలుసు. అక్కడ కనీసం జీతం బ్యాంకు ఖాతాలో వేయమనండి. రేపు ఎక్కడికి వెళ్ళినా, పన్నెండేళ్ళు పనిచేశానని చెప్పుకోవడానికి ఆ స్టేట్‌మెంటే సాక్ష్యం.

పక్క పనికి మారతానని సావుకారుని అడగాలనుకుంటే 11 నుంచి 20 మధ్య అడగకండి, రిటర్నుల చిరాకులో ఏదడిగినా కాదంటారు. నెలవారీ పన్ను రిటర్ను 3బీ వేశాక, 21నో 22నో, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాక, మీ గీతల కాగితం పట్టుకుని వెళ్ళండి.